తక్కువ బడ్జెట్‌లో సెకండ్ హ్యాండ్ మిడ్‌సైజ్ సెడాన్: భద్రత, మన్నిక రెండూ కావాలంటే ఏం చూడాలి?

నాలుగుచక్రాలు

అందరికీ నమస్కారం. సెకండ్ హ్యాండ్‌లో మిడ్‌సైజ్ సెడాన్ చూస్తున్నాం. రోజుకు 40 కి.మీ. వాడకం, సగం ట్రాఫిక్‌లో, సగం హైవే మీద. వెనక పిల్లల సీట్లు రెండు బిగించాలి. కొన్నాక ఏడెనిమిదేళ్లు ఉంచుకుంటాం. మా బడ్జెట్‌కు ఎనిమిది నుంచి పన్నెండేళ్ల వయసున్న బండ్లే అందుతాయి.

భద్రత విషయంలో ఏ ఏడాది కంటే వెనక్కి పోకూడదు? ఏ ఇంజిన్, ఏ గేర్‌బాక్స్ జోలికి వెళ్లకూడదు? బండి ముందు నిలబడ్డాక ఏది ముందు చూడాలి, ఏది తర్వాత? మనసులో ఉన్నవి కెమ్రీ, అకార్డ్, మాజ్డా 6, సొనాటా, ఆల్టిమా.

---

బ్రేక్‌ప్యాడ్

భద్రతతో మొదలుపెడదాం. కారును గుద్దించి చూసే క్రాష్ టెస్టులో ఎన్ని స్టార్లు వచ్చాయో చూసేముందు ఆ పరీక్ష ఏ ఏడాది జరిగిందో చూడండి. 2008 నాటి ఐదు స్టార్లు, 2018 నాటి ఐదు స్టార్లు ఒకటి కావు. ఐరోపాలో ఈ పరీక్షలు చేసే యూరో ఎన్‌క్యాప్ సంస్థ 2009లో మార్కులు వేసే పద్ధతినే మార్చేసింది. 2014 నుంచి బండి తనంతట తాను బ్రేక్ వేసే ఏఈబీకి కూడా మార్కులు ఇస్తోంది.

ఒక్క షరతు పెట్టుకోమంటే ఈఎస్‌సీ (ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్) పేరు చెబుతాను. ఇది లేని బండి ఎంత చవకగా వచ్చినా వద్దు. మలుపులో బండి పక్కకు జారుతున్నప్పుడు ఒక్కో చక్రానికి విడిగా బ్రేక్ వేసి దారిలోకి తెచ్చేది ఇదే. ఒంటరిగా అదుపు తప్పి ప్రాణాలు పోయే ప్రమాదాలను ఇది సుమారు సగానికి తగ్గిస్తుందని అమెరికాలో బీమా కంపెనీల నిధులతో నడిచే రోడ్డు భద్రతా సంస్థ ఐఐహెచ్‌ఎస్ తేల్చింది. అక్కడ 2012 మోడల్ నుంచి, ఐరోపాలో 2014 నవంబర్ నుంచి కొత్త కార్లన్నింటిలో తప్పనిసరి. మిగతా చోట్ల కింది వేరియంట్లలో పెట్టకుండా అమ్మినవి చాలా ఉన్నాయి. అందుకే ఏడాదిని బట్టి నమ్మేయకండి. తాళం తిప్పి ఇంజిన్ స్టార్ట్ చేయకుండా మీటర్ వైపు చూడండి: కారు బొమ్మ, దాని కింద వంకర గీతలు ఉన్న పసుపు దీపం వెలిగి ఆరాలి. ఏబీఎస్ (బ్రేక్ తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసేది) దీపం వేరు, ఇది వేరు. అమ్మేవాళ్లు ఈ రెంటినీ కలిపేసి చెబుతుంటారు.

ఇక స్మాల్ ఓవర్‌ల్యాప్. ముందు భాగంలో 25 శాతం వెడల్పు మాత్రమే తగిలేలా గంటకు 64 కి.మీ. వేగంతో గట్టి అడ్డుగోడకు కొట్టించే పరీక్ష ఇది. 2012లో ఐఐహెచ్‌ఎస్ మొదలుపెట్టింది. ఛాసిస్‌లో బలమైన రెండు దూలాలను తప్పించుకుని దెబ్బ నేరుగా చక్రం మీదా, డోర్ స్తంభం మీదా పడుతుంది. అప్పటిదాకా అన్ని పరీక్షల్లో బాగున్న కెమ్రీకి ఇందులో 'పూర్' వచ్చింది. తర్వాత నిర్మాణంలో మార్పులు చేశాక 2015 మోడల్‌కు 'గుడ్' దక్కింది. 2013 అకార్డ్ సెడాన్ మొదటిసారే 'గుడ్' తెచ్చుకుంది. కాబట్టి కెమ్రీ అయితే 2015 నుంచి, అకార్డ్ అయితే 2013 నుంచి వెతకండి.

ఇంకో మాట. ముందు నుంచి గుద్దే పరీక్షల ఫలితాలు ఇంచుమించు ఒకే బరువున్న కార్ల మధ్యే పోల్చడానికి పనికొస్తాయి. చిన్న కారు ఐదు స్టార్లనూ, దానికంటే అరటన్ను ఎక్కువ బరువున్న సెడాన్ ఐదు స్టార్లనూ పక్కపక్కన పెట్టి చూడకూడదు. అలాగే ఒకే పేరుతో వేర్వేరు దేశాల్లో అమ్మిన కార్లలో ఎయిర్‌బ్యాగుల సంఖ్య తేడా ఉంటుంది. మీరు కొనే దేశంలో అమ్మిన వేరియంట్‌కు ఎన్ని ఉన్నాయో సీట్ల అంచుల మీద, పైకప్పు స్తంభాల మీద రాసి ఉన్న అక్షరాలు చూసి లెక్కపెట్టుకోండి.

---

పానా_12

చేతిలో ఉన్న డబ్బంతా బండికే పెట్టేయకండి. అందులో కనీసం 15 శాతం పక్కన ఉంచండి. కొన్న వారంలోనే ఇంజిన్ ఆయిల్, గేర్ ఆయిల్, కూలెంట్, బ్రేక్ ఫ్లూయిడ్, ఫిల్టర్లు మారతాయి. టైర్లు, బ్యాటరీ, బ్రేకులు ఏ స్థితిలో ఉంటాయో తెలియదు. టైమింగ్ బెల్ట్ (పిస్టన్లు, వాల్వులు జతగా కదిలేలా చూసే బెల్ట్) ఉన్న ఇంజిన్ అయితే అదొకటి. బెల్ట్ మార్చిన బిల్లు కళ్లతో చూస్తే తప్ప మార్చలేదనే లెక్క వేసుకోండి. తెగితే చాలా ఇంజిన్లలో పిస్టన్లు వెళ్లి వాల్వులకు తగిలి ఇంజిన్ పైభాగమంతా విప్పాల్సి వస్తుంది.

మీ జాబితా గురించి:

కెమ్రీ 2012–17, 2.5 లీటర్ పెట్రోల్, 6 స్పీడ్ ఆటోమేటిక్. టైమింగ్ బెల్ట్ బదులు చైన్ ఉన్న ఇంజిన్. ఈ ఐదింటిలో తక్కువ తలనొప్పి దీనితోనే. 2007–09 నాటి 2.4 లీటర్ ఇంజిన్ మాత్రం వద్దు. పిస్టన్ రింగుల దగ్గర ఆయిల్ తిరిగి కిందికి దిగే దారి మూసుకుపోయి ఆయిల్ తాగుతుంది.

అకార్డ్ 2013–17, నాలుగు సిలిండర్ల 2.4 చైన్ ఇంజిన్. వీ6కు బెల్ట్ ఉంటుంది. అకార్డ్‌లోనే 2008–12 వాటికి పొద్దున్నే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయగానే ఒకటి రెండు క్షణాలు గరగరమనే శబ్దం వస్తుంది. వాల్వ్ టైమింగ్ మార్చే వీటీసీ యాక్చుయేటర్ అరుగుదల అది. బండి ఆగిపోదు కానీ మార్చడానికి ఖర్చు ఉంది, బేరంలో తగ్గించుకోండి.

మాజ్డా 6, 2014 నుంచి వచ్చిన 2.5 లీటర్, టర్బో లేనిది. మామూలు 6 స్పీడ్ ఆటోమేటిక్. మంచి జోడీ.

సొనాటా 2011–14లో 2.4 డైరెక్ట్ ఇంజెక్షన్, 2.0 టర్బో ఇంజిన్లకు అమెరికాలో రీకాల్ (లోపం ఉన్న బండ్లను కంపెనీయే వెనక్కి పిలిపించి బాగుచేయడం) జరిగింది. క్రాంక్ షాఫ్ట్ తయారీలో మిగిలిపోయిన లోహపు రజను ఆయిల్ దారుల్లో చేరి, కనెక్టింగ్ రాడ్ బేరింగులకు ఆయిల్ అందకుండా చేస్తుంది. ముందు యాక్సిలరేటర్‌తో పాటు పెరిగే టకటక చప్పుడు వస్తుంది, ఆ తర్వాత ఇంజిన్ పట్టేస్తుంది. రీకాల్ పని జరిగినట్టు కాగితం ఉంటేనే ఆలోచించండి.

ఆల్టిమా 2013–16 సీవీటీకి (విడివిడి గేర్లు లేకుండా బెల్ట్, పుల్లీలతో నడిచే ఆటోమేటిక్ గేర్‌బాక్స్) దూరంగా ఉండండి. వణుకు, జారడం, వేడెక్కడం.

---

ఆయిల్‌గేజ్

పానా గారూ, మీ జాబితాతో ఏకీభవిస్తాను, ఒక్క విషయం తప్ప. "సీవీటీ అంటేనే వద్దు" అని చదివినవాళ్లు అర్థం చేసుకుంటారు. 2013 అకార్డ్ నాలుగు సిలిండర్ల ఆటోమేటిక్ కూడా సీవీటీయే కదా. ఫ్లూయిడ్ సమయానికి మార్చినవి బాగానే తిరుగుతున్నాయి. బెల్ట్‌కీ పుల్లీకీ మధ్య పట్టు మొత్తం ఆ ఫ్లూయిడ్ మీదే ఆధారపడి ఉంటుంది. అది పాడైతే బెల్ట్ జారి, పుల్లీ మీద గీత పడి, ఆ లోహపు పొడి గేర్‌బాక్స్‌లో ఫ్లూయిడ్‌ను నడిపించే వాల్వ్ బాడీలోకి వెళుతుంది. అక్కడితో గేర్‌బాక్స్ పని అయిపోయినట్టే.

"లైఫ్‌టైమ్ ఫ్లూయిడ్, మార్చక్కర్లేదు" అని ఎవరైనా చెబితే ఆ మాట వారంటీ ఉన్నన్నాళ్లకే అనుకోండి. సీవీటీ అయినా మామూలు ఆటోమేటిక్ అయినా 50–60 వేల కి.మీ.కి ఒకసారి మార్చిన బిల్లు అడగండి. లక్ష దాటినా ఒక్క బిల్లూ లేని సీవీటీ బండిని నేను ఎవరికీ సిఫారసు చేయను.

హైబ్రిడ్ల గేర్‌బాక్స్‌ను కూడా ఈ-సీవీటీ అంటారు. కెమ్రీ హైబ్రిడ్‌లో ఉన్నది పూర్తిగా వేరు: బెల్ట్ లేదు, పుల్లీ లేదు, ప్లానెటరీ గేర్లూ రెండు మోటార్లూ. చాలా గట్టిది. పేరు చూసి భయపడి మంచి బండి వదిలేయకండి.

---

పానా_12

ఒప్పుకుంటున్నాను. ఫ్లూయిడ్ బిల్లులుంటే అకార్డ్ సీవీటీ తీసుకోవచ్చు.

---

మైలురాయి

కిలోమీటర్ల గురించి ఎవరూ మాట్లాడలేదు. తక్కువ తిరిగిన బండి కోసం చాలామంది ఎక్కువ డబ్బు పెడతారు, అక్కడే మోసపోతారు. హైవే మీద 1,60,000 తిరిగి ప్రతి సర్వీసు బిల్లూ ఉన్న బండి, రోజుకు మూడు కిలోమీటర్లు తిరిగి 60,000 చూపించే బిల్లులు లేని బండి కంటే మేలు. ఇంజిన్ పూర్తిగా వేడెక్కకుండా ఆపేస్తూ ఉంటే ఆయిల్‌లో చేరిన నీటి ఆవిరి, పెట్రోల్ బయటికి పోవు. ఆయిల్ మడ్డి కడుతుంది. ఎగ్జాస్ట్ లోపలి నుంచి తుప్పు పడుతుంది. బ్యాటరీ ఎప్పుడూ నిండదు.

మీటర్ వెనక్కి తిప్పారా అన్నది ఒక్క గుర్తుతో తేలదు, నాలుగైదు కలవాలి. బ్రేక్ పెడల్ రబ్బరు అంచు అరిగి లోహం కనబడుతుంటే అది 50 వేల బండి కాదు. డ్రైవర్ సీటు బయటి అంచు నలిగిందా, స్టీరింగ్ పైభాగం నున్నగా మెరుస్తోందా చూడండి. టైర్ పక్క గోడ మీద డీఓటీ కోడ్ చివరి నాలుగు అంకెలు చదవండి: 2319 అంటే 2019లో 23వ వారం. 30 వేలు తిరిగిందంటున్న కారుకు అప్పుడే రెండో జత టైర్లు ఎందుకు పడ్డాయో అడగండి. అన్నిటికంటే గట్టి సాక్ష్యం కారు కంప్యూటర్లను చదివే మంచి స్కానర్. చాలా కార్లలో గేర్‌బాక్స్, ఏబీఎస్ కంప్యూటర్లలో కూడా కిలోమీటర్లు నమోదవుతాయి. మీటర్ మార్చినవాడు వాటన్నిటినీ మార్చి ఉండడు.

---

నాలుగుచక్రాలు

చాలా ఉపయోగంగా ఉంది, అందరికీ ధన్యవాదాలు. ఇదే డబ్బుకు పాత జర్మన్ లగ్జరీ సెడాన్లు కూడా కనిపిస్తున్నాయి. భద్రతలో అవి మెరుగు కదా?

---

పానా_12

వయసుతో బండి ధర పడిపోతుంది, విడిభాగాల ధర పడదు. ఎయిర్ సస్పెన్షన్ ఒక మూల కుంగినా, గేర్లు మార్చే ఎలక్ట్రానిక్ యూనిట్ (మెకాట్రానిక్) పోయినా బండి ధరలో పెద్ద ముక్క అక్కడే పోతుంది. బడ్జెట్ బిగుతుగా ఉన్నవాళ్లకు అది తగిన బండి కాదు. రిపేరుకు డబ్బు చాలక అరిగిన టైర్లతో, పాత బ్రేకులతో తిప్పే లగ్జరీ కారులో భద్రత ఏముంటుంది?

---

డిక్కీ_తెరిచి_చూడు

బాడీ సంగతి నేను చెబుతాను. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లక ముందే సగం బండ్లను మీరే పక్కన పెట్టేయొచ్చు. పగటి వెలుతురులో, శుభ్రంగా, పొడిగా ఉన్న బండిని చూడండి. తడి బండి మీద పెయింట్ తేడాలు కనబడవు.

ముందు బోల్టులు. బానెట్ ఎత్తి ఫెండర్లు బిగించిన బోల్టుల తలలు వరుసగా చూడండి. కంపెనీలో బిగించాకే రంగు వేస్తారు కాబట్టి తల మీద రంగు పొర చెదరకుండా ఉంటుంది. పానా పట్టిన చోట మూలల్లో రంగు లేచి లోహం మెరుస్తుంటే ఆ ఫెండర్ ఒకసారి ఊడింది. డోర్ల కీలు బోల్టులూ అంతే. ఊడితే తప్పని కాదు, ఎందుకు ఊడిందో తెలియాలి.

తర్వాత దూలాలు. ఇంజిన్‌కు రెండు పక్కలా ముందుకు వచ్చే చతురస్రపు దూలాల మీద వేలు పెట్టి వెనక నుంచి ముందుకు నిమరండి. మడత, అల, కొత్త వెల్డింగ్ తగిలితే ఇక బేరం ఆడకండి, వచ్చేయండి. గుద్దినప్పుడు ఆ దూలం ఎక్కడ, ఎంత నలగాలో లెక్క వేసి తయారుచేస్తారు. ఒకసారి నలిగి సాగదీసిన దూలం రెండోసారి అలా నలగదు. బ్రేక్‌ప్యాడ్ గారు చెప్పిన పరీక్ష మార్కులన్నీ ఆ బండికి వర్తించవు. నా దృష్టిలో ఈ థ్రెడ్‌లో అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇదే.

వెనక వైపు డిక్కీ కార్పెట్ ఎత్తి స్టెప్నీ తీసి ఆ గుంతలో చూడండి. స్పాట్ వెల్డులు ఒకే ఎడంలో గుండ్రంగా చిన్న గుంటల్లా ఉండాలి. అవి మాయమై ఆ చోట సీలెంట్ వేలితో పూసినట్టు ఉంటే వెనక నుంచి దెబ్బ తగిలిందన్నమాట.

పెయింట్ మందం కొలిచే గేజ్ అద్దెకు దొరికితే తీసుకోండి. కంపెనీ రంగు 80–180 మైక్రాన్ల మధ్య ఉంటుంది. 300 దాటితే మళ్లీ రంగు వేశారు, 500 దాటితే కింద పుట్టీ ఉండే అవకాశం ఎక్కువ. ఒక తలుపు మాత్రమే తేడాగా ఉంటే గీత పోగొట్టి ఉంటారు, ఫరవాలేదు. పైకప్పు లేదా స్తంభాలు తేడాగా ఉంటే ఫరవాలేదని అనలేను. అల్యూమినియం బానెట్‌కు అయస్కాంతం అంటదు, దాన్ని పుట్టీ అనుకోకండి.

వరద నీళ్లలో మునిగిందా: సీట్ బెల్టును చివరిదాకా లాగండి. పైన రెండడుగులు తుడిచి శుభ్రం చేస్తారు, లోపల చుట్టులో బురద గీత మిగిలిపోతుంది. సీటు పట్టాల బోల్టుల తుప్పు, కార్పెట్ కింద నురుగులో తడి, ఫ్యూజ్ పెట్టె పిన్నుల మీద ఆకుపచ్చ చిలుము కూడా చూడండి. మునిగిన బండిలో వైరింగ్ సమస్యలు నెలల తర్వాత మొదలవుతాయి, ఒకటి సరిచేస్తే ఇంకొకటి.

---

బ్రేక్‌ప్యాడ్

డిక్కీ గారి దూలాల మాటకు ఎయిర్‌బ్యాగ్ సంగతి కలుపుతాను. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి కొన్ని క్షణాల్లో ఆరాలి. వెలిగే ఉంటే లోపం ఉంది. అసలు వెలగకపోతే ఇంకా అనుమానించాలి, దీపం తీసేసి ఉండొచ్చు లేదా వేరే దీపం వైరుకు కలిపి ఉండొచ్చు. డ్యాష్‌బోర్డు మీద ప్రయాణికుడి వైపు మూత రంగు, గరుకుదనం పక్క భాగంతో సరిపోలాలి.

టకాటా కంపెనీ తయారుచేసిన ఇన్‌ఫ్లేటర్ల (ఎయిర్‌బ్యాగ్‌లో గాలి నింపే భాగాల) రీకాల్ పెండింగ్‌లో ఉందేమో ఛాసిస్ నంబరుతో తయారీ కంపెనీ వెబ్‌సైట్‌లో చూడండి. అమోనియం నైట్రేట్ వాడిన ఆ ఇన్‌ఫ్లేటర్లు ఏళ్ల తరబడి వేడికి, తేమకు పాడై, బ్యాగ్ తెరుచుకునేటప్పుడు పగిలి లోహపు ముక్కలు విసురుతాయి. ప్రాణాలు పోయాయి. రీకాల్ పని ఉచితం, అది పూర్తయ్యేదాకా బండి నడపకండి.

పిల్లల సీట్లు రెండు అన్నారు కాబట్టి, ఐసోఫిక్స్ కొక్కేలు (పిల్లల సీటును నేరుగా బండికి బిగించేవి) వెనక సీటు సందులో వేళ్లు పెట్టి తడిమి చూసుకోండి. మీ సీట్లు వెంట తీసుకెళ్లి బిగించి చూస్తే ఇంకా మంచిది.

---

పానా_12

నడిపి చూడటం. ముందే ఫోన్ చేసి "స్టార్ట్ చేయకుండా ఉంచండి" అని చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఇంకో రోజు వస్తామని చెప్పి వచ్చేయండి. పాడైన ఇంజిన్ నిజం బయటపడేది చల్లగా ఉన్నప్పుడే.

చల్లగా ఉండగానే రేడియేటర్ మూత తీసి చూడండి, కూలెంట్ మీద నూనె తెట్టు ఉండకూడదు. స్టార్ట్ చేసేటప్పుడు ఒకరు వెనక నిలబడాలి. నీలి పొగ అంటే ఆయిల్ మండుతోంది. తెల్లటి ఆవిరి రెండు నిమిషాల్లో పోతే మామూలే, ఇంజిన్ వేడెక్కాక కూడా తియ్యటి వాసనతో వస్తుంటే కూలెంట్ లోపలికి పోతోంది. స్టార్ట్ చేసిన నిమిషానికే పై రేడియేటర్ పైపు రాయిలా గట్టిపడితే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పైభాగానికీ కింది భాగానికీ మధ్య సీలు) పోయిందని అనుమానించాలి. మల్టీమీటర్ ఉంటే బ్యాటరీ ఇంజిన్ ఆపి 12.6 వోల్టుల దగ్గర, నడుస్తుండగా 13.8–14.5 మధ్య చూపాలి.

ఖాళీ స్థలంలో స్టీరింగ్ పూర్తిగా ఒకవైపు తిప్పి మెల్లగా నడపండి. టకటక వస్తే ముందు చక్రాలను తిప్పే ఇరుసు చివరి సీవీ జాయింట్ అరిగింది. 60–80 వేగంలో హోరు వస్తూ, స్టీరింగ్ కొద్దిగా అటూ ఇటూ ఆడించినప్పుడు తగ్గుతూ పెరుగుతుంటే వీల్ బేరింగ్. ఆటోమేటిక్‌లో బ్రేక్ తొక్కి డీ నుంచి ఆర్‌కు మార్చండి. రెండు క్షణాలకు మించి ఆలస్యమైనా, ధడ్‌మని పట్టినా గేర్‌బాక్స్ అరిగింది. అరగంటకు తక్కువ నడపకండి, సీవీటీ లోపాలు వేడెక్కాకే బయటపడతాయి.

ఇవన్నీ నెగ్గిన బండినే లిఫ్ట్ ఉన్న మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి. అమ్మేవాడు చూపించిన మెకానిక్ వద్దు. సిలిండర్లు ఎంత ఒత్తిడి పట్టి ఉంచుతున్నాయో చూసే కంప్రెషన్ పరీక్ష చేయించండి. సిలిండర్ల మధ్య తేడా 10 శాతం లోపుంటే బాగున్నట్టు. ఒకటి మిగతావాటిలో 75 శాతానికి పడిపోతే ఆ ఇంజిన్ విప్పాల్సిందే.

---

నాలుగుచక్రాలు

ఒక 2015 కెమ్రీ 2.5 దాదాపు ఖాయమైంది. బోల్టులు, దూలాలు, డిక్కీ గుంత అన్నీ శుభ్రం. మీటర్ మీద 1,38,000. సర్వీసు బిల్లులు లక్షా పదివేల దాకా ఉన్నాయి. ఓబీడీ స్కానర్ పెడితే ఎర్రర్ కోడ్లు ఏమీ లేవు. కానీ "కోడ్లు తుడిచాక తిరిగిన దూరం" అన్న చోట 38 కి.మీ. అని, మానిటర్లలో (పొగ తగ్గించే భాగాలను కారు తనే పరీక్షించుకునేవి) క్యాటలిస్ట్, ఈవాప్ (పెట్రోల్ ఆవిరి బయటికి పోకుండా చూసేది), ఆక్సిజన్ సెన్సర్ "పూర్తి కాలేదు" అని వచ్చింది. బ్యాటరీ మార్చామని అమ్మేవాళ్లు అంటున్నారు.

---

ఆయిల్‌గేజ్

ఇప్పుడే డబ్బు కట్టకండి. కోడ్లు తుడిచినా, బ్యాటరీ తీసినా చాలా కార్లలో ఈ మానిటర్లు మొదటికి వస్తాయి. కాబట్టి వాళ్లు చెప్పింది నిజం కావచ్చు. బ్యాటరీ మీద తేదీ, కొన్న రశీదు చూడండి. రశీదు నిన్నటిదైతే కథ కలుస్తుంది. రెండేళ్ల నాటి బ్యాటరీ అయితే ఇంజిన్ దీపం ఆర్పడానికే తుడిచారు.

స్కానర్‌లో "పర్మనెంట్ కోడ్లు" అనే విభాగం ఉంటే తెరవండి. వాటిని స్కానర్‌తో చెరపలేరు. లోపం పోయిందని కారు తనే పరీక్షించుకున్నాకే అవి పోతాయి. పాత కార్లలో, కొన్ని దేశాలకు వచ్చిన బండ్లలో ఈ విభాగం ఉండదు.

---

పానా_12

తేలికైన దారి ఒకటుంది. 150–200 కి.మీ. నడిపి మళ్లీ స్కాన్ చేయనివ్వమని అడగండి. ట్యాంకులో పెట్రోల్ పావుకీ ముప్పావుకీ మధ్య ఉంచాలి, నిండుగా ఉంటే ఈవాప్ మానిటర్ పరీక్షే మొదలుపెట్టదు. రాత్రంతా చల్లబడ్డాక స్టార్ట్ చేసి, హైవే మీద 80–90 దగ్గర ఒకే వేగంతో పదిహేను నిమిషాలు పోవాలి, క్యాటలిస్ట్ మానిటర్‌కు అది అవసరం. తర్వాత కొంతసేపు ట్రాఫిక్‌లో ఆగుతూ కదలాలి. ఇలా రెండు రోజులు చేస్తే సాధారణంగా అన్నీ పూర్తవుతాయి.

బయలుదేరేముందు ఆయిల్ గేజ్ పుల్ల మీద మట్టాన్ని ఫోటో తీసుకోండి, తిరిగొచ్చాక సమతలంలో పది నిమిషాలు ఆగి మళ్లీ తీయండి. 200 కి.మీ.కే మట్టం కంటికి కనిపించేంత దిగితే ఆ ఇంజిన్ ఆయిల్ తాగుతోంది. లక్షా పదివేల తర్వాత బిల్లులు ఎందుకు ఆగాయో కూడా ఆ రోజే అడగండి. ఆ 28 వేల కి.మీ.లో ఆయిల్ ఎన్నిసార్లు మార్చారన్నది నాకు ఆ కోడ్ల కంటే పెద్ద ప్రశ్న. ఆయిల్ పోసే మూత తీసి టార్చి వేసి లోపల చూడండి: లోహం లేత గోధుమరంగులో ఉంటే సరే, నల్లటి మడ్డి పేరుకుని ఉంటే వదిలేయండి.

---

నాలుగుచక్రాలు

రశీదు చూపించారు, పోయిన శనివారం తేదీ ఉంది. రెండు రోజులు నడపడానికి ఒప్పుకున్నారు. మూత కింద గోధుమరంగే. రేపు పొద్దున చల్లటి ఇంజిన్‌తో మొదలుపెడతాం, స్కాన్ ఫలితాలు, పుల్ల ఫోటోలు ఇక్కడే పెడతాను.

---

డిక్కీ_తెరిచి_చూడు

వెళ్లేటప్పుడు టైర్ల గాలి చూసుకోండి. డ్రైవర్ డోర్ స్తంభం మీద స్టిక్కర్‌లో ఉన్న అంకె ప్రకారం, టైర్లు చల్లగా ఉన్నప్పుడు. గాలి తక్కువుంటే బండి పక్కకు లాగినట్టు అనిపించి అనవసరంగా అలైన్‌మెంట్‌ను అనుమానిస్తారు.